పాలు లేవు సరే, ఆ పఫ్‌లో ఇంకేముంది?

"మా వాడికి పాలు పడవు" అనే మాట మన ఇళ్ళలో పాతదే. ఆ మాట వెనకే వచ్చే ప్రశ్న మాత్రం కొత్తది. పాలు కలవని కేక్ ఎక్కడ దొరుకుతుంది? పాలు లేని పఫ్ ఏ బేకరీలో చేస్తారు? ఈద్ రోజు అందరూ షీర్ ఖుర్మా తాగుతుంటే వాడికేం పెట్టాలి? ట్రిప్లికేన్, రాయపేట, పెరంబూరు ఎక్కడికి వెళ్ళినా తల్లులు ఇదే అడుగుతున్నారు. అడగటం మంచిదే. అయితే ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందికి రెండు అపోహలు ఉన్నాయి. పాలు పడకపోవడం అంటే అందరికీ ఒకటే జబ్బు అనుకోవడం మొదటిది. పాలు లేకపోతే ఆ తినుబండారం ఆరోగ్యానికి మంచిదే అనుకోవడం రెండోది. మొదటి అపోహ పిల్లవాడి ప్రాణం మీదికి తేవచ్చు. రెండోది ఇంటి పెద్ద గుండె మీదికి తెస్తుంది. అందుకని ఈ వారం ఏ బేకరీ మంచిదో చెప్పే ముందు ఈ రెండింటి సంగతీ మాట్లాడుకుందాం.

పాల గురించి మన హకీములు చెప్పిన మాట ఒకటి ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' గ్రంథంలో పాలు ఒకే పదార్థం కాదనీ, మూడు భాగాల కలయిక అనీ వివరించాడు. ఒకటి నీటి భాగం, మాఇయ్యత్. రెండోది జున్ను భాగం, జుబ్నియ్యత్. మూడోది వెన్న భాగం, దుహ్నియ్యత్. ఈ మూడింటి గుణాలూ వేరు, శరీరం మీద వాటి ప్రభావమూ వేరు. వెయ్యేళ్ళ కిందటి ఈ విభజనను ఇవాళ్టి ప్రయోగశాల లెక్కల పక్కన పెట్టి చూడండి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, నీటి భాగంలో ఉంటుంది. కేసీన్ అనే మాంసకృత్తి జున్ను భాగంలో ఉంటుంది. కొవ్వు వెన్న భాగంలో ఉంటుంది. పాలు విరిగినప్పుడు మిగిలే తేటలోనూ కొన్ని మాంసకృత్తులు ఉంటాయి, అది వేరే సంగతి. మీ ఇంట్లో "పాలు పడవు" అంటున్న మనిషికి ఈ మూడింటిలో ఏది పడటం లేదు? ముందు తేల్చుకోవలసింది ఇదే. ఇది తేలకుండా బేకరీ గడప తొక్కినా లాభం లేదు.

ఎక్కువమందికి పడనిది నీటి భాగంలోని చక్కెర. దాన్ని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే రసం ఊరాలి. చంటిబిడ్డకు అది సమృద్ధిగా ఊరుతుంది. పాలు మానే వయసు దాటాక ప్రపంచంలో చాలామందికి క్రమంగా తగ్గిపోతుంది. ఇది రోగం కాదు, శరీర ధర్మం. మన దక్షిణాది వారిలో ఇది మరీ ఎక్కువ. 1981లో వెలువడిన ఒక పరిశోధనలో పరీక్షకు వచ్చిన ఉత్తరాది వారిలో పావువంతుకు కాస్త పైన మందికి లాక్టోజ్ అరగలేదు. దక్షిణాది వారిలో మూడింట రెండు వంతుల మందికి అరగలేదు. అంటే మన దస్తర్‌ఖాన్ మీద పదిమంది కూర్చుంటే ఆరేడుగురు ఈ కోవలోకి రావచ్చు. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. టీలో పోసుకునే నాలుగు చెంచాల పాలు ఏమీ చేయవు మరి. పెద్ద గ్లాసుడు పాలు తాగినప్పుడు కడుపు ఉబ్బరిస్తుంది, గుడగుడ మంటుంది, విరేచనమవుతుంది. జిగట విరేచనాలు తగ్గిన పిల్లలకు కొన్ని వారాలపాటు తాత్కాలికంగా ఇలా కావడం కూడా మామూలే.

ఇలాంటి వారికి ఒక శుభవార్త. పాలలో లాక్టోజ్ సుమారు నూటికి ఐదు పాళ్ళు, గ్లాసుకు పది గ్రాములన్నమాట. పాలు పడని పెద్దవాళ్ళలోనూ చాలామంది ఒక విడతకు పన్నెండు గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అలాంటప్పుడు చెంచాడు పాలపొడి పడిన బిస్కెట్‌కు భయపడటం దేనికి? నెయ్యిలో దాదాపు వెన్న భాగమే ఉంటుంది కాబట్టి నెయ్యితో చేసిన ఖాజా వీరిని బాధపెట్టదు. పెరుగులో చక్కెర కొంత ముందే పులిసి తగ్గి ఉంటుంది. బాధపెట్టేది కోవా. పాలను మరిగించి నీళ్ళు ఇగరబెడితే నీళ్ళే పోతాయి, చక్కెర పోదు, ఉన్నదంతా చిక్కబడి కూర్చుంటుంది. పాలపొడిదీ అంతే, వెన్న తీసిన పాలపొడిలో సగం లాక్టోజే. అందుకే "నాకు పాలు పడవు" అంటూ షీర్ ఖుర్మా పక్కకు జరిపి, నాలుగు ముక్కల దమ్ కా రోట్ తిన్న పెద్దాయన రాత్రంతా అవస్థ పడతాడు. ఆ రోట్‌లో ఉన్నది కోవాయే కదా!

ఈ అవస్థకు సోంపు, వాము, జీలకర్ర, లేదా హకీం రాసిచ్చే జవారిష్ కమూనీ కొంత ఉపశమనం ఇవ్వవచ్చు. గాలిని తగ్గిస్తాయి. అంతేగాని ఊరని లాక్టేజ్‌ను ఊరించవు. అలా ఊరిస్తామని ఎవరైనా మందు అమ్మితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇక్కడ తమాషా లేదు

రెండో రకం వేరు. అది అలర్జీ. పాలలోని మాంసకృత్తిని శరీరం శత్రువు అనుకుని తిరగబడటం. ఇది పెద్దల్లో అరుదు, పసిపిల్లల్లో ఎక్కువ. చాలామందిలో వయసుతో పాటు తగ్గిపోతుంది, కొందరిలో తగ్గదు. ఈ పిల్లలకు గ్లాసుల లెక్క పనికిరాదు. పఫ్ పైన మెరుపు కోసం పూసిన పాలు చాలు, వెన్న బిస్కెట్లు తీసిన పట్టకారుతోనే ఇచ్చిన బన్ను చాలు. ఒంటి మీద దద్దుర్లు, పెదవులు కళ్ళు వాచడం, వాంతులు, దగ్గు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి అందకపోవడం, నిమిషాల్లో వస్తాయి. ఊపిరి ఇబ్బంది కనిపించిందా, జోషాందా కాచే పని పెట్టుకోకండి. ఏ హకీం నంబరూ వెతకకండి, నా వ్యాసాలు అసలే వెతకకండి. 108కి ఫోన్ చేయండి, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ తప్ప ఆ క్షణంలో బిడ్డను కాపాడేది మరొకటి లేదు. ఒకసారి ఇలా జరిగిన పిల్లవాడిని తప్పకుండా అలర్జీ వైద్యుడికి చూపించండి. ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది, ఖర్చు సాకు చెప్పనక్కర్లేదు. ఇక మిజాజ్ సంగతి, అరుగుదల సంగతి తెలుసుకోవాలంటే అరుంబాక్కంలో ప్రభుత్వ యునానీ వైద్య కళాశాల ఉంది, రాయపురంలో యునానీ పరిశోధనా సంస్థ ఉంది. దేని గడప దానికి ఉంది. ఒకచోట అడగవలసింది మరోచోట అడగొద్దు.

ఈ విషయంలో మన పెద్దవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇంట్లో ఒక పిల్లవాడికి పాలు కూడదని వైద్యుడు చెబుతాడు. తల్లి జాగ్రత్తగానే ఉంటుంది. దావత్‌కు వెళ్ళినప్పుడు నానీయో, ఫుప్పూనో "పాలు బర్కత్ ఉన్న ఆహారం బేటా, దానివల్ల ఎవరికైనా కీడు జరుగుతుందా, ఒక్క చెంచా తాగితే ఏమవుతుంది" అని ప్రేమగా నోట్లో పెట్టేస్తారు. వాళ్ళ ప్రేమను నేను శంకించను. పాలు మంచి ఆహారం కాదని కూడా అనను. కానీ మన వైద్యానికి మూలస్తంభమే ఆ మాటకు అడ్డు నిలుస్తుంది. ప్రతి మనిషికీ తనదైన మిజాజ్ ఉంటుంది. ఒకరికి గిజా అయినది మరొకరికి హాని కావచ్చు. అందుకే వైద్యంలో సగం పర్హేజ్ అన్నారు. బల్గమీ మిజాజ్ వారికి పాలు తగ్గించమని చెప్పే హకీమును గౌరవిస్తాం. అలర్జీ ఉన్న బిడ్డకు పాలు వద్దన్న తల్లిని మాత్రం "చదువుకున్న పిచ్చి" అని వెక్కిరిస్తాం. ఇదేం న్యాయం?

ఇంకొక మాట కూడా పెద్దవాళ్ళదే. "ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టు." లాక్టోజ్ పడనివారికి దీనివల్ల లాభం లేదు, మేకపాలలోనూ లాక్టోజ్ ఉంది. అలర్జీ పిల్లవాడికైతే ఇది ప్రమాదం. ఆవు, గేదె, మేక పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. ఒకదాని మీద తిరగబడిన శరీరం చాలాసార్లు మిగతావాటి మీదా తిరగబడుతుంది. నెయ్యి కూడా అంతే. నెయ్యిలో మాంసకృత్తి లేశమాత్రమే అయినా అసలే లేదని చెప్పలేం. అలర్జీ పిల్లవాడికి నెయ్యి పెట్టవచ్చా లేదా అనేది వైద్యుడు చెప్పాలి, పక్కింటివారు కాదు.

టీకొట్టు అద్దాల బీరువాలో

ఇక రెండో అపోహకు వద్దాం. పాలు లేని పేస్ట్రీ అంటే ఏదో విదేశీ దుకాణంలో, రెట్టింపు ధరకు దొరికేదని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి మన చెన్నైలో అది మూడు తరాలుగా ప్రతి వీధి చివరా ఉంది. టీకొట్టు అద్దాల బీరువాలో వెజిటబుల్ పఫ్, దిల్‌పసంద్, గాజు సీసాలో బటర్ బిస్కెట్, వీటిలో చాలావాటిని వెన్న ఎప్పుడో వదిలేసింది. బటర్ బిస్కెట్‌లో చాలాచోట్ల బటర్ పేరులోనే ఉంటుంది. వెన్న ఎందుకు పోయింది? పాలు పడనివారి మీద జాలితో కాదు. ఖరీదు ఒక కారణం, మన ఎండ ఇంకో కారణం. పఫ్ పొరలు పొరలుగా విచ్చుకోవాలంటే పిండి పొరకూ పొరకూ మధ్య కొవ్వు గడ్డగా ఉండాలి, కరిగి పిండిలో కలిసిపోకూడదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో చెన్నై బేకరీ గది, పక్కనే మండే పొయ్యి, ఇక వెన్న నిలిచేదెక్కడ? 1937లో డాల్డా పేరుతో వనస్పతి మన దేశంలో అడుగుపెట్టాక బేకరీవారికి ఈ చిక్కు తీరింది. చవక, చెడదు, త్వరగా కరగదు.

ఆ సౌకర్యానికి మన గుండెలు మూల్యం చెల్లించాయి. నూనెను గడ్డకట్టించే ప్రక్రియలో ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది. చాలా ఏళ్ళు దీనికి అడ్డూ ఆపూ లేదు. తర్వాత మెల్లగా హద్దులు వచ్చాయి. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం మించకూడదని నిబంధన పెట్టింది. ఇది మంచి మార్పు. అయితే పఫ్ పఫ్‌గానే ఉండాలంటే గట్టి కొవ్వు ఏదో ఒకటి కావాలి కదా. ఇప్పుడు ఆ స్థానంలో ఎక్కువగా పామాయిల్ నుంచి తీసిన గట్టి భాగాలు వచ్చాయి. ట్రాన్స్ కొవ్వు తగ్గింది, సంతృప్త కొవ్వు అలాగే ఉంది. దానికి తోడు మైదా. మైదా అరుగుదలకు మందం, మలబద్ధకం కలిగిస్తుందని హకీములు చెబుతూనే ఉన్నారు. కాబట్టి పాలు లేవన్న ఒక్క కారణంతో రోజూ సాయంత్రం టీతో పాటు రెండు పఫ్‌లు లాగించే పెద్దమనిషి తనకు తాను ఏ మేలూ చేసుకోవడం లేదు.

క్రీమ్ కేకుల కథ మరీ విచిత్రం. పుట్టినరోజు కేక్ మీద తెల్లగా, మెత్తగా నిలబడి ఉన్నది పాలమీగడ అని పిల్లలు అనుకుంటారు, పెద్దలూ అనుకుంటారు. చాలాచోట్ల అది తాటిజాతి గింజల నూనె, చక్కెర, చిక్కదనం తెచ్చే రసాయనాలు కలిపి గిలకొట్టిన నురగ. బేకరీవారు దాన్ని 'నాన్ డెయిరీ క్రీమ్' అంటారు. ఆ పేరు విని అలర్జీ పిల్లవాడి తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. ఆగండి. ఆ డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవండి. చాలా రకాల్లో సోడియం కేసినేట్ అని ఉంటుంది. అది పాలలోని జున్ను భాగమే, ఇబ్న్ సీనా చెప్పిన జుబ్నియ్యతే. పేరు నాన్ డెయిరీ, లోపల పాల మాంసకృత్తి! లాక్టోజ్ పడనివారికి దీనివల్ల చిక్కు లేదు, అలర్జీ ఉన్నవారికి ఇదే ఉచ్చు.

మరి ఎలా ఎంచుకోవాలి? పాకెట్‌లో వచ్చే సరుకైతే లేబుల్ చదవండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు కలిసిన సరుకు మీద 'కంటెయిన్స్ మిల్క్' అని అలర్జీ హెచ్చరికగా ప్రకటించాలి. ముందు ఆ వరుస వెతకండి. తర్వాత పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్, కేసినేట్, బటర్, గీ, లాక్టోజ్ ఉన్నాయేమో చూడండి. కొన్ని రకాల మార్జరీన్‌లో కూడా పాల ఘనపదార్థాలు కలుపుతారు. పచ్చ చుక్క చూసి మోసపోకండి. పచ్చ చుక్క ఉందంటే మాంసం, గుడ్డు లేవని అర్థం. పాలు ఉండవని కాదు. మన దేశంలో పాలు, నెయ్యి పచ్చ చుక్క కిందికే వస్తాయి. 2022 నాటి నిబంధనలతో పచ్చని 'వి' అక్షరం మీద చిన్న మొక్క ఉన్న వేగన్ గుర్తు కూడా వచ్చింది. అది ఉంటే పాలు, గుడ్డు, తేనె వంటివి కలపలేదన్నమాట. దాని మీదా 'మే కంటెయిన్ మిల్క్' అని ఉంటే అలర్జీ పిల్లవాడికి వద్దు, అదే యంత్రం మీద పాలసరుకు కూడా నడిచిందని ఆ మాటకు అర్థం.

పచ్చ చుక్కతో మనకు ఇంకొక ఉపయోగం ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. కేక్‌లలో, బ్రెడ్‌లలో వేసే ఇ 471 వంటి పదార్థాలు మొక్కల కొవ్వు నుంచీ తీయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ తీయవచ్చు. మన దేశపు సరుకు మీద పచ్చ చుక్క ఉంటే అది జంతువుల కొవ్వు కాదు. గల్ఫ్ నుంచో, సింగపూర్ నుంచో బంధువులు తెచ్చిన డబ్బాకు ఈ ధీమా లేదు. అక్కడి హలాల్ గుర్తు చూసుకోవాలి. హలాల్ గుర్తు ఉంటే పాలు లేవని మాత్రం కాదు, ఆ రెండింటికీ సంబంధం లేదు.

లేబుల్ లేని బేకరీ సరుకు దగ్గర అడగటం తప్ప దారి లేదు. కౌంటర్ దగ్గర కుర్రవాణ్ణి అడిగితే "పాలు లేవు సార్" అనేస్తాడు, ఆ పాపం వాడిది కాదు, వాడికి తెలియదు. పొయ్యి దగ్గరి మాస్టర్‌ను అడగండి. "ఇందులో పాలున్నాయా" అని కాదు. "పిండి దేనితో కలిపారు? పొరల మధ్య ఏ కొవ్వు వేశారు? పైన ఏం పూశారు, గుడ్డా పాలా? ట్రేకు ఏం రాశారు?" అని అడగండి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తడుముకోకుండా చెప్పేవాడి దగ్గర లాక్టోజ్ పడనివారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లవాడికి మాత్రం విడిగా అమ్మే బేకరీ సరుకే వద్దని నా గట్టి అభిప్రాయం. బల్ల ఒకటే, చెయ్యి ఒకటే, పట్టకారు ఒకటే. వాడికి ఇంటి పొయ్యే దిక్కు.

ఇంట్లో చేసుకుంటే

ఇంట్లో చేయడం అనగానే బాదం పాలు, ఓట్స్ పాలు అని ఖరీదైన డబ్బాలు కొనవలసిన పని లేదు. మన చుట్టూ చూస్తే చాలు. మన్నడిలో స్థిరపడిన కాయల్‌పట్టణం, కీళక్కరై తమిళ ముస్లిం కుటుంబాలు ఈద్‌కు చేసే వట్టిలప్పం తిన్నారా? కొబ్బరిపాలు, గుడ్లు, బెల్లం, యాలకులు, ఆవిరి మీద ఉడికించడం, అంతే. ఒక్క చుక్క పాలు లేవు. మనవైపు చూస్తే తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా విచ్చుకునే అసలైన పేస్ట్రీ. నూనెతో చేసి నూనెలో వేయిస్తే అందులో పాలు ఉండవు. కొబ్బరి, బెల్లం పెట్టిన కజ్జికాయ అంతే, కోవా కజ్జికాయ కాకుండా చూసుకోవాలి. రంజాన్‌లో ట్రిప్లికేన్ వీధుల్లో వేయించే ఉల్లిపాయ సమోసా పట్టీ మైదా, నీళ్ళు, ఉప్పు, నూనెలతో అయిపోతుంది. పాలు లేని వంట మనకు రాదనుకోవడమే పొరపాటు.

మడత కాజా పద్ధతిలోనే పొరల పఫ్ చేసుకోవచ్చు. రెండు కప్పుల పిండి తీసుకోండి. సగం మైదా, సగం జల్లించిన గోధుమపిండి అయితే పొరలు కాస్త తక్కువ విచ్చుకుంటాయి, కడుపు మాత్రం తేలిగ్గా ఉంటుంది. ఉప్పు, రెండు పెద్ద చెంచాల వేడి నూనె వేసి వేళ్ళతో రుద్ది, నీళ్ళతో గట్టిగా కలిపి అరగంట తడిగుడ్డ కప్పి ఉంచండి. ఈలోగా నాలుగు పెద్ద చెంచాల బియ్యపు పిండిలో మూడు చెంచాల కొబ్బరినూనె కలిపి ముద్ద చేయండి. అసలు కిటుకు ఇక్కడ ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, చెన్నైలో అది ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలాగానే ఉంటుంది. కాబట్టి ఆ ముద్దను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక వాడాలి. పిండిని ఐదు పల్చని రొట్టెలుగా వత్తి, ఒక్కో రొట్టె మీద ఈ ముద్ద పూస్తూ ఒకదాని మీద ఒకటి పేర్చి, చాప చుట్టినట్టు బిగువుగా చుట్టండి. ఆ చుట్టను కూడా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, అంగుళం ముక్కలుగా కోసి, కోసిన వైపు పైకి వచ్చేలా పెట్టి తేలిగ్గా వత్తండి. లోపల ఖీమా పెట్టినా సరే, కొబ్బరి బెల్లం పెట్టినా సరే. అంచులు నీళ్ళతో తడిపి మూసి, పైన నూనె రాసి, ముందే వేడెక్కిన 200 డిగ్రీల ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేకపోతే సన్నని సెగ మీద నూనెలో వేయించవచ్చు. మంట పెద్దదైతే పైన ఎర్రబడుతుంది, లోపలి పొరలు పచ్చిగా మిగులుతాయి.

కేక్ కావాలంటే బొంబాయి రవ్వ కేక్ అన్నిటికంటే సులువు. అరబ్బు దేశాల్లో రవ్వతో చేసే తీపికి ఇది చుట్టం. ఒక కప్పు రవ్వ, ఒక కప్పు చిక్కని కొబ్బరిపాలు, ముప్పావు కప్పు చక్కెర లేదా తురిమిన బెల్లం, పావు కప్పు నూనె, సన్నగా తరిగిన ఖర్జూరాలు గుప్పెడు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. పొయ్యి మీదికి వెళ్ళే ముందు ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్ కలపండి. 180 డిగ్రీల మీద 35, 40 నిమిషాలు. గుడ్డు కూడా లేదు కాబట్టి గుడ్డు పడని పిల్లలకూ ఇది చెల్లుతుంది. బాదం, నువ్వులు పైన చల్లేముందు మాత్రం ఆగండి. పాలు పడని పిల్లల్లో కొందరికి అవీ పడవు.

కొబ్బరి గురించి ఒక హెచ్చరిక. ఈమధ్య కొబ్బరినూనెను సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నారు. నేను ఆ గుంపులో లేను. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. పండుగ నాటి పఫ్‌కు ఫరవాలేదు, రోజూ చెంచాలతో తాగమని మాత్రం అనను. గుండె జబ్బు ఉన్న పెద్దవారికి ఈ పఫ్ పాలు లేనిదైనా సగం ముక్క చాలు.

పాలు మానిన పిల్లవాడికి సున్నం ఎక్కడినుంచి వస్తుందన్నది చాలామంది మరిచిపోయే విషయం. రాగులు వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తాయి. పొట్టు తీయని నువ్వుల్లో అంతకు మూడింతలకు తక్కువ కాదు. మునగాకు, ముల్లుతో తినే నెత్తళ్ళు ఉన్నాయి. కొబ్బరిపాలలో మాత్రం కాల్షియం పేరుకే. తెల్లగా ఉన్నంత మాత్రాన అవి పాలకు బదులు కావు. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలు లేని పక్షంలో కొబ్బరిపాలో, బాదంపాలో పట్టి సరిపెట్టడం అసలే కూడదు, అక్కడ వైద్యుడు చెప్పిన డబ్బాపాలే పట్టాలి.

చివరగా దావత్‌ల సంగతి. మన చెన్నై నికాహ్‌లలో బిర్యానీ తర్వాత బ్రెడ్ హల్వా రావాల్సిందే. అందులో పాలు, నెయ్యి, చాలాసార్లు కోవా కూడా. నాలుగు వందల మంది కూర్చునే దావత్‌లో ఆ తీపి అరగనివారు, అది తింటే ఆసుపత్రి పాలయ్యే పిల్లలు తప్పక ఉంటారు. వంటవాడితో మాట్లాడేటప్పుడు రెండు మాటలు అదనంగా చెప్పండి. కొబ్బరిపాలతోనో, బెల్లంతోనో ఒక తీపి వేరే గిన్నెలో, వేరే గరిటెతో, నెయ్యి కూడా తగలకుండా చేయించండి. ఆ గిన్నె ముందు 'పాలు, నెయ్యి లేవు' అని తెలుగులోనో, ఉర్దూలోనో, తమిళంలోనో పెద్ద అక్షరాలతో ఒక చీటీ పెట్టించండి. బిర్యానీలో పెరుగు వేశారో లేదో కూడా ఆ చీటీలోనే రాయించండి, ఎందుకంటే పిల్లవాడి తల్లి మొదట అడిగేది అదే.